రైవస్ కాలువ రెండెందుకైంది?

విజయవాడ ఊరి మధ్యలోంచి మూడు కాలువలు పోతాయి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. మూడూ ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలై డెల్టాలోకి వెళ్లిపోతాయి. మా లిటరరీ క్లబ్ వాళ్లు ఈ మూడింటి ఫొటోలు తీసి, మూడు ఫోల్డర్లు చేసి, క్లబ్ వాడుకునే నెట్‌వర్క్ స్టోరేజ్ బాక్సులో పెట్టారు. పేర్లు తెలుగులోనే పెట్టారు. కొన్నాళ్లకు చూస్తే బాక్సులో నాలుగు ఫోల్డర్లున్నాయి. బందరు కాలువ ఒకటి, ఏలూరు కాలువ ఒకటి, రైవస్ కాలువ మాత్రం రెండు! రెండింటి పేర్లకీ ఒత్తు తేడా లేదు, స్పేస్ తేడా లేదు. ఫొటోలు కొన్ని దీంట్లో, కొన్ని దాంట్లో.

ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఉండవని ఫస్టియర్ వాళ్లకు కూడా తెలుసు. మరి ఇదెలా వచ్చింది? వస్తే మిగతా రెండు కాలువలకు ఎందుకు రాలేదు?

వైరస్ అన్నారు ఒకరు. డిస్క్ పోతోందన్నారు ఇంకొకరు. మూడో మాట ఒకటి వినిపించింది: "అందుకే ఫైల్ పేర్లు ఇంగ్లిష్‌లో పెట్టండిరా అనేది." ఈ వ్యాసం ఆ మూడో మాట కోసమే రాస్తున్నాను. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే. తెలుగు టైపింగ్ ఈ క్లబ్‌లో చేరాకే వచ్చింది. కథ తెలుగులో, కవిత తెలుగులో రాసి, దాన్ని దాచే పేరు మాత్రం ఇంగ్లిష్‌లో పెట్టాలంటే నాకు నచ్చలేదు. అసలు కారణం ఏంటో తెలుసుకుంటే భయం పోతుంది కదా అని కూర్చుని చదివాను. కోడింగ్ రానివాళ్లకు కూడా అర్థమయ్యేలా చెప్తాను, పేజీ తిప్పేయకండి.

ఆ బాక్సులో ఏముంటుంది?

నెట్‌వర్క్ స్టోరేజ్ అంటే ఏదో పెద్ద మిషన్ కాదు. రెండో నాలుగో హార్డ్ డిస్కులు పెట్టిన చిన్న కంప్యూటర్. దానికి మానిటర్ ఉండదు, కీబోర్డ్ ఉండదు. లోపల చాలావరకు లినక్స్ నడుస్తుంటుంది. క్లాసులో ఒకడి దగ్గర విండోస్ ల్యాప్‌టాప్, ఒకమ్మాయి దగ్గర మ్యాక్, ఇంకొకడి దగ్గర ఉబుంటు. అందరూ వైఫైలోంచి ఈ ఒక్క బాక్సులోకే ఫైళ్లు వేస్తారు.

విండోస్ ఫైళ్లు పంచుకోవడానికి మాట్లాడే భాష పేరు ఎస్ఎంబీ. లినక్స్‌కు ఆ భాష నేర్పిన సాఫ్ట్‌వేర్ సాంబా. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ఆయన స్టూడెంట్‌గా ఉన్నప్పుడు, 1990ల మొదట్లో దీన్ని మొదలుపెట్టారు. మొదట పెట్టిన పేరు వేరేవాళ్ల ట్రేడ్‌మార్క్ అని తేలడంతో, ఎస్, ఎం, బీ అక్షరాలు వరసగా వచ్చే మాట కోసం కంప్యూటర్‌లోని డిక్షనరీ వెతికితే సాంబా దొరికింది. మన సాంబ మసూరికీ దీనికీ ఏ సంబంధం లేదు. యాపిల్ కూడా 2013లో మావెరిక్స్ వెర్షన్ నుంచి తన సొంత పద్ధతిని పక్కనపెట్టి, ఫైళ్లు పంచుకోవడానికి ఎస్ఎంబీనే ముందుకు తెచ్చింది. అంటే ఇవాళ మూడు రకాల కంప్యూటర్లూ ఒకే భాషలో మాట్లాడుకోగలవు. గొడవంతా ఆ భాషలో చెప్పే పేర్ల దగ్గర వస్తుంది.

ఐత్వం చేసిన పని

మనం పేరును అక్షరాలుగా చూస్తాం. బాక్సు దాన్ని బైట్లుగా, అంటే అంకెల వరసగా దాచుకుంటుంది. ప్రతి తెలుగు గుర్తుకూ యూనికోడ్‌లో ఒక నంబర్ ఉంది. తెలుగుకు కేటాయించిన గళ్లు 3072 నుంచి 3199 దాకా. "ర" ఒక నంబర్, గుడి ఒక నంబర్, కొమ్ము ఒక నంబర్.

ఇప్పుడు "రై" అనే అక్షరాన్ని దగ్గరగా చూడండి. పైన ఎత్వం లాంటి ముక్క ఒకటి, కింద తోక లాంటి ముక్క ఒకటి. యూనికోడ్‌లో ఐత్వం మొత్తానికి 3144 అనే నంబర్ ఉంది. అది కాకుండా ఎత్వానికి 3142, కింది తోకకు విడిగా 3158 ఉన్నాయి. అంటే ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు: 3144 అని ఒక్క ముక్కగా, లేదా 3142, 3158 అని రెండు ముక్కలుగా. స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండూ సమానమేనని యూనికోడ్ రూల్ కూడా చెబుతుంది. ముక్కలు కలిపి రాసే పద్ధతిని ఎన్ఎఫ్‌సీ అని, విడదీసి రాసే పద్ధతిని ఎన్ఎఫ్‌డీ అని అంటారు.

విండోస్‌లో, ఫోన్‌లో మనం మామూలుగా టైప్ చేస్తే కలిపిన రూపమే వస్తుంది. మ్యాక్‌లో 1998లో వచ్చిన హెచ్ఎఫ్ఎస్ ప్లస్ అనే ఫైల్ సిస్టమ్ మాత్రం ప్రతి పేరునూ విడదీసి దాచేది. 2017లో దాని బదులు వచ్చిన ఏపీఎఫ్ఎస్ ఇచ్చిన పేరును ఇచ్చినట్టే ఉంచుతుంది, పోల్చి చూసేటప్పుడు రెండు రూపాలనూ ఒకటిగానే లెక్కేస్తుంది. లినక్స్‌కు ఈ గొడవే లేదు, అది బైట్లు మాత్రమే పోలుస్తుంది. "రైవస్" అనే మాటలో కలిపిన రూపమైతే 5 గుర్తులు, విడదీసిన రూపమైతే 6. బైట్లు వేరు కాబట్టి లినక్స్ లెక్కలో అవి రెండు వేర్వేరు పేర్లు.

ఇప్పుడు కథ తేలిపోయింది. ఒక ఫ్రెండ్ విండోస్ నుంచి మూడు ఫోల్డర్లు చేసి పెట్టాడు. ఇంకో ఫ్రెండ్ తన పాత మ్యాక్‌బుక్ నుంచి అవే మూడు పేర్లున్న ఫోల్డర్లను ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో నేరుగా బాక్సులోకి పంపింది. బందరు, ఏలూరు అనే పేర్లలో ఐత్వం లేదు కాబట్టి అవి చక్కగా కలిసిపోయాయి. రైవస్‌లో ఐత్వం ఉంది, రెండైంది. ఇద్దరి తప్పూ లేదు.

తెలుగు లిపిలో ఇలా విడిపోయే గుర్తు ఇదొక్కటే. కన్నడ, తమిళం, మలయాళంలో ఇంకా ఎక్కువున్నాయి. గుడివాడ, మచిలీపట్నం, అవనిగడ్డ, ఉయ్యూరు పేర్లతో ఫోల్డర్లు పెట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు. మైలవరం, కైకలూరు, రైతు, రైలు, చైత్రం, వైశాఖం లాంటివి జాగ్రత్తగా చూసుకోవాలి. మాట మొదట్లో విడిగా వచ్చే "ఐ" అచ్చుకు ఈ సమస్య లేదు, అది ఒకటే నంబర్.

దీనికి పరిష్కారం ఉంది. మ్యాక్ వాళ్లు బాక్సును ఎస్ఎంబీ ద్వారా తెరిచి ఫైళ్లు వేస్తే, మ్యాకే పేర్లను కలిపిన రూపంలోకి మార్చి పంపుతుంది. ఆర్‌సింక్ వాడాల్సివస్తే, 3వ వెర్షన్ నుంచి అందులో ఐకాన్వ్ అనే ఆప్షన్ ఉంది, మ్యాక్ రూపం నుంచి మామూలు రూపానికి మార్చమని దానికి చెప్పొచ్చు. ఇప్పటికే రెండైపోయిన ఫోల్డర్లుంటే, ఒకదాంట్లోని ఫైళ్లన్నీ రెండోదాంట్లోకి జరిపి ఖాళీ అయినదాన్ని తీసేయాలి. విడిపోయిన పేర్లు వందల్లో ఉంటే లినక్స్‌లో కాన్వ్ఎంవీ అనే టూల్ ఉంది. అది మామూలుగా నడిపితే ఏమేం మారుతాయో చూపించి ఊరుకుంటుంది, నిజంగా మార్చమని విడిగా చెప్తేనే మారుస్తుంది. మన తొందరకు మంచి మందు.

పొడుగు పేర్ల లెక్క

కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి "ఆముక్తమాల్యద" రాయమన్నాడని చెప్పుకునే రాజు పేరు తీసుకుందాం: శ్రీకృష్ణదేవరాయలు. చదివితే ఎనిమిది అక్షరాలు. కానీ కంప్యూటర్ గుడులు, కొమ్ములు, ఒత్తుల్ని కలిపే పొల్లులు అన్నీ విడివిడిగా లెక్కపెడుతుంది. అలా చూస్తే 17 గుర్తులు. లినక్స్ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకూ 3 బైట్లు. మొత్తం 51 బైట్లు.

లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో ఒక పేరుకు లిమిట్ 255 బైట్లు. ఇంగ్లిష్‌లో అయితే 255 అక్షరాలు. తెలుగులో 85 గుర్తులే. రాయలవారి పేరు ఐదుసార్లు రాస్తే సరిగ్గా 255 అయిపోతుంది, చివర ఎక్స్‌టెన్షన్ పెట్టడానికి కూడా చోటుండదు. విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్ కూడా 255 అనే అంటుంది గానీ, అది బైట్లు కాదు గుర్తులు లెక్కపెడుతుంది. అక్కడ ఆయన పేరు పదిహేనుసార్లు పడుతుంది. (మొత్తం దారి పొడవు 260 దాటకూడదనే పాత లిమిట్ ఒకటి చాలా ప్రోగ్రాముల్లో ఉంది, అది వేరే.)

అందుకే మీ విండోస్ ల్యాప్‌టాప్‌లో బాగానే సేవ్ అయిన ఫైల్, బాక్సులోకి లాగితే "పేరు చాలా పొడవుగా ఉంది" అంటుంది. మీరేమో ఇది అంత పొడుగేం కాదే అనుకుంటారు. కొన్ని బాక్సుల్లో ఎన్‌క్రిప్ట్ చేసిన షేర్డ్ ఫోల్డర్ అయితే లిమిట్ ఇంకా తక్కువ, 143 బైట్లు. అంటే 47 తెలుగు గుర్తులు. కవిత మొదటి లైను మొత్తం ఫైల్ పేరుగా పెట్టే కవిమిత్రులు దయచేసి గమనించగలరు.

కనపడని అక్షరం

"బందర్ రోడ్" అని రెండు రకాలుగా టైప్ చేయొచ్చు. మామూలుగా ఒకటి. "ర్" తర్వాత, "డ్" తర్వాత కనపడని గుర్తు ఒకటి పెట్టి ఇంకొకటి. ఆ గుర్తు పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్ నంబర్ 8204. పొల్లు పక్కన వచ్చే అక్షరం ఒత్తుగా మారిపోకుండా ఆపడం దాని పని. "ఫేస్‌బుక్" అని రాసినప్పుడు "బు" కిందకి జారిపోకుండా నిలబడిందంటే అది దాని పుణ్యమే. తెలుగుకు అది కావాలి, తప్పు కాదు. కాకపోతే మాట చివర, స్పేస్ ముందు కూడా చాలామంది టైపింగ్‌లో అది వచ్చేస్తుంటుంది. అక్కడ దాని అవసరం లేదు, ఉన్నా కంటికి కనపడదు. న్యూస్ సైట్ నుంచి హెడ్డింగ్ కాపీ చేసి ఫైల్ పేరుగా పెడితే అది కూడా వెంట వచ్చేయొచ్చు. తర్వాత మీరు "బందర్ రోడ్" అని వెతికితే ఫైల్ దొరకదు.

ఈ చిన్న గుర్తు ఒకసారి ప్రపంచాన్నే కంగారుపెట్టింది. మనందరం ప్రాజెక్టులకు వాడే గిట్‌లో 2014 డిసెంబర్‌లో ఒక పెద్ద సెక్యూరిటీ లోపం బయటపడింది. మ్యాక్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లు పోల్చేటప్పుడు ఈ కనపడని గుర్తును అసలు లెక్కలోకి తీసుకోదు. ఎవరైనా గిట్ సొంత ఫోల్డర్ పేరు మధ్యలో ఈ గుర్తు ఇరికించి ప్రాజెక్టులో పెడితే, గిట్ దాన్ని వేరే పేరు అనుకుని వదిలేసేది, మ్యాక్ మాత్రం దాన్ని అసలు ఫోల్డర్‌గానే తీసుకునేది. అలా వేరేవాళ్ల కంప్యూటర్‌లో ప్రమాదకరమైన కమాండ్లు నడపగలిగే దారి ఏర్పడింది. వెంటనే కొత్త వెర్షన్లు విడుదల చేసి దాన్ని మూసేశారు. మనం రోజూ టైప్ చేసే గుర్తే!

ప్రశ్నార్థకాలు, మూడు చుక్కలు

తెలుగు కథల పేర్లకు రెండు అలవాట్లున్నాయి. చివర ప్రశ్నార్థకం పెట్టడం, లేకపోతే మూడు చుక్కలు పెట్టడం. విండోస్‌కు రెండూ పడవు. ప్రశ్నార్థకం, కోలన్, డబుల్ కోట్స్, నక్షత్రం, నిలువు గీత, రెండు రకాల ఏటవాలు గీతలు, రెండు వైపుల కోణాలు, మొత్తం తొమ్మిది గుర్తులు ఫైల్ పేరులో ఉండకూడదని దాని రూల్. పేరు చివర చుక్క గానీ స్పేస్ గానీ ఉండకూడదు. లినక్స్‌లో ఏటవాలు గీత ఒక్కటి తప్ప ఇవన్నీ పెట్టుకోవచ్చు. కాబట్టి ఉబుంటు నుంచి "ఎవరు?" అని ఫోల్డర్ చేసి బాక్సులో పెడితే, విండోస్ వాళ్లకు సాంబా దాన్ని టిల్డా గుర్తుతో కుదించిన వింత పేరుగా చూపిస్తుంది. ఫైళ్లు పోలేదు, పేరు మాత్రం గుర్తుపట్టలేం. ప్రశ్న కథ లోపల అడగండి, ఫైల్ పేరులో వద్దు.

ఒక మంచి వార్త కూడా చెప్పాలి. ఇంగ్లిష్ పేర్లతో వచ్చే అతి పెద్ద తలనొప్పి క్యాపిటల్, స్మాల్ తేడా. లినక్స్‌కు అవి వేరు, విండోస్‌కు ఒకటే. పెద్దక్షరంతో ఒక ఫైల్, చిన్నక్షరంతో ఇంకో ఫైల్ లినక్స్‌లో పక్కపక్కనే ఉంటాయి, విండోస్‌కు వచ్చేసరికి ఒకటే కనపడి రెండోది చిక్కుల్లో పడుతుంది. తెలుగులో పెద్ద బడి, చిన్న బడి లేదు. "క" ఎప్పుడూ "క"నే.

పాత పేజ్‌మేకర్ ఫైళ్ల సంగతి

పేరు సరిగ్గా ఉన్నా లోపలిది చదవలేని ఫైళ్లు ఇంకో రకం. విజయవాడ అంటే తెలుగు పుస్తకాల ఊరు. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో కొన్న పుస్తకాలు మన ఇళ్లల్లో ఎన్నో. యూనికోడ్ అలవాటు కాకముందు వాటిలో చాలావరకు డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్‌లో, అను లాంటి ఫాంట్లలో టైప్ చేశారు. ఈ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తెలుగు ముక్కల్ని కూర్చోబెడతాయి. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగే కాదు. ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు, గుర్తులు కనిపిస్తాయి. బాక్సులో "కృష్ణా" అని వెతికితే ఒక్కటీ దొరకదు.

పైగా అలాంటి ఫైళ్లు తెరిచే మిషన్ చాలాచోట్ల ఇంకా విండోస్ ఎక్స్‌పీదే. ఎక్స్‌పీకి తెలిసింది ఎస్ఎంబీ మొదటి వెర్షన్ ఒక్కటే. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆ మొదటి వెర్షన్‌లోని లోపాన్ని పట్టుకునే ప్రపంచమంతా పాకింది. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి మైక్రోసాఫ్ట్ కొత్త ఇన్‌స్టాలేషన్లలో దాన్ని పెట్టడం మానేసింది. 2019లో సాంబా కూడా 4.11 వెర్షన్‌లో డీఫాల్ట్‌గా ఆపేసింది. అందుకే కొత్త బాక్సు కొంటే ఎక్స్‌పీ మిషన్‌కు అది కనపడదు. "సెట్టింగ్స్‌లో పాత వెర్షన్ ఆన్ చేస్తే పనిచేస్తుంది" అని సలహా ఇస్తారు. పనిచేస్తుంది, కానీ ఎక్స్‌పీ ఒక్కదాని కోసం మొత్తం బాక్సుకే పాత తాళం పెట్టినట్టు. దానికన్నా ఆ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో బయటకు తెచ్చి, వైరస్ స్కాన్ చేసి, కొత్త మిషన్ నుంచి బాక్సులో పెట్టడం మేలు. అసలు ఫైల్‌తో పాటు పీడీఎఫ్ ఒకటి, కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి ఒకసారి ప్రూఫ్ చూసిన టెక్స్ట్ ఒకటి పెడితే ఇంకా మంచిది. అప్పుడు పుస్తకం ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీదా ఆధారపడదు.

మరి ఇంగ్లిష్ పేర్లు పెట్టేస్తే సరిపోదా?

ఇన్ని తిప్పలెందుకు, ఇంగ్లిష్‌లో పెట్టేస్తే పోలా అని మళ్లీ అడుగుతారు. సరే, "రైవస్"ను ఇంగ్లిష్‌లో ఎలా రాస్తారు? ఒకరు ఆర్ తర్వాత వై పెడతారు, ఒకరు ఏ, ఐ పెడతారు, ఇంకొకరు చివర రెండు ఎస్‌లు పెడతారు. బెజవాడలో జెడ్డా, జేనా? ఏలూరులో మొదట వై ఉందా? ముగ్గురు ఫ్రెండ్స్ మూడు రకాలుగా రాస్తారు, ఎవరి స్పెల్లింగ్ వాళ్లకు కరెక్టే. దాన్ని సరిచేసే టూల్ ఏదీ లేదు, ఎందుకంటే తేడా బైట్లలో లేదు, మన తలల్లో ఉంది. తెలుగులో రాసిన పేరుకు స్పెల్లింగ్ గొడవ చాలా తక్కువ. దాని సమస్యలు లెక్కపెట్టగలిగినవి. ఐత్వం ఒకటి, పొడవు ఒకటి, కనపడని గుర్తు ఒకటి, విండోస్ వద్దన్న గుర్తులు ఒకటి. నాలుగే. నాలుగింటికీ మందుంది.

దొరకని ఫైల్ ఉన్నా లేనట్టే. పదేళ్ల తర్వాత మన క్లబ్‌లో చేరే జూనియర్ ఎవరో "కాలువ" అని తెలుగులో టైప్ చేసి వెతికితే మనం రాసినవి, తీసినవి అన్నీ వరసగా రావాలి. అందుకని ఈ సంచికకు రచనలు పంపేవాళ్లకు నా మనవి ఇది. ఫైల్ పేరు తెలుగులోనే పెట్టండి. ముప్పై గుర్తులు దాటకుండా చూసుకోండి. పేరును కాపీ పేస్ట్ చేయకుండా మీరే టైప్ చేయండి. ప్రశ్నార్థకం, కోలన్, చివరి చుక్కలు వద్దు. మ్యాక్ ఉన్నవాళ్లు బాక్సును నెట్‌వర్క్‌లో తెరిచి అందులోనే వేయండి. లోపల టెక్స్ట్ యూనికోడ్‌లో ఉండాలి. ఎవరికైనా పేరు తేడాగా కనిపిస్తే డిలీట్ చేయొద్దు, ల్యాబ్‌లో నన్ను పట్టుకోండి, ఇద్దరం కూర్చుని చూద్దాం.